రెండో వైపు మూడో పాట

నేను ఒక ర్యాప్ రికార్డును. పన్నెండు అంగుళాల నల్లటి వినైల్ పళ్లేన్ని. నా పేరు ‘లిఫ్ట్ పనిచేయదు’. ఓల్డ్ కెంట్ అని పేరు పెట్టుకున్న లండన్ కుర్రాడి రెండో ఆల్బమ్‌ని. మొదటిది కాదు, రెండోది. ఆ తేడా చిన్నదనుకోకండి. నా పాడు బతుకంతా ఆ తేడాలోంచే వచ్చింది.

మొదటి ఆల్బమ్ చేయడానికి మనిషికి ఇరవై రెండేళ్లు పడుతుంది. పుట్టినప్పటి నుంచి తిన్న దెబ్బలు, పోగొట్టుకున్న వాళ్లు, పడ్డ ప్రేమలు, అన్నీ అందులో పోసేస్తాడు. జనం ఆహా అంటారు. వెంటనే కంపెనీ వాళ్లు రెండోది కావాలంటారు, పద్నాలుగు నెలల్లో. ఆ పద్నాలుగు నెలలూ పాపం ఆ కుర్రాడు చేసిందేమిటి? హోటళ్లలో పడుకోవడం, వ్యాన్లలో తిరగడం, ఒకే ప్రశ్నకు వందసార్లు జవాబు చెప్పడం. హోటల్ పరుపుల మీద ర్యాప్ కడితే ఎవడు వింటాడు? అందుకని ఓల్డ్ కెంట్ పక్కవాళ్ల బతుకుల మీద పడ్డాడు. సెలూన్లో విన్న కబుర్లు, బస్సు పై అంతస్తులో చెవిన పడ్డ గొడవలు పోగేసుకొచ్చాడు. వాటన్నిటినీ ‘నేను’ అనే చెప్పాడు. ర్యాప్‌లో అదే పద్ధతి. ‘వాడెవడో పొడిచాడు’ అంటే అది పేపర్లో వార్త. ‘నేను పొడిచాను’ అంటేనే పాట.

ఓల్డ్ కెంట్ అసలు పేరు కీరన్ బాస్కోంబ్. లండన్‌లో నదికి దక్షిణాన, పదకొండేళ్లుగా లిఫ్ట్ ఆడని ఒక ఫ్లాట్ల మేడలో పెరిగాడు. నా పేరు అక్కడి లిఫ్ట్ తలుపుకు వేలాడిన బోర్డుదే. కీరన్‌కు ఒక గర్వం ఉండేది: పాట ఎప్పుడూ కాగితం మీద పెట్టడు. గదిలో గోడకేసి తిరిగి గొణుక్కుంటూ, పాట మొత్తం తలలోనే కట్టి, మైకు ముందు నిలబడి ఒక్క ఊపున చెప్పేస్తాడు. నా మొదటి పాటలో డప్పు కొట్టుకున్నాడు కూడా: ‘కలం ముట్టను, కాగితం చింపను, నా తలే నా పలక.’ నా గాడిలో ఆ ముక్క ఇప్పటికీ ఉంది. దాన్ని గీకి పారేయగలిగితే ఎంత బాగుండేదో.

నా పుట్టుక అర నిమిషం పని. నల్లటి గుళికలను ఆవిరి వేడికి కరిగించి, ముద్ద చేసి, కిందా పైనా లేబుల్ కాగితాలు పెట్టి, రెండు లోహపు అచ్చుల మధ్య నొక్కారు. అంచుల్లోంచి పొంగిన మిగులును కోసేశారు. ఒకావిడ దీపం వెలుగులో నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, మచ్చలేమీ లేవని కవరులో తోసింది. లోపలి కవరు మీద పాటలన్నీ అచ్చేసి ఉన్నాయి, ఏ పాటకు మాటలు ఎవరివో కింద చిన్న అక్షరాల్లో ఉంది. నాకు ముందు పుట్టినవీ తర్వాత పుట్టినవీ వేలకొద్దీ దుకాణాలకు వెళ్లాయి. నన్ను మాత్రం కీరన్ తన చంకలో పెట్టుకుని, మెట్లెక్కి, నాలుగో అంతస్తులో ఎవాడ్నీ ఫ్రాన్సిస్ ఇంటికి తీసుకెళ్లాడు.

ఎవాడ్నీ జమైకా నుంచి పంతొమ్మిదేళ్ల వయసులో వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఆసుపత్రి నేలలు తుడిచింది. చర్చిలో సిస్టర్ ఎవాడ్నీ అంటే పాస్టరు కూడా కాస్త సర్దుకుని కూర్చుంటాడు. ఆ ఇంట్లో ముందుగది ఒకటుంది. ఆవిడ తరం వాళ్లందరి ఇళ్లలోనూ ఉంటుందట. సోఫాకు ప్లాస్టిక్ తొడుగు, అద్దాల బీరువాలో ఎవరూ తాగని కప్పులు, వాటి కింద చక్కెర నీళ్లలో ముంచి గట్టిపరచిన లేసు గుడ్డలు. ఆ గదిలో ఇంట్లోవాళ్లెవరూ కూర్చోకూడదు. పాస్టరు వస్తేనో, చావు పలకరింపుకు ఎవరైనా వస్తేనో తలుపు తీస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్లకు వంటగదే గతి. కీరన్ చిన్నప్పటి నుంచి ఆ వంటగదిలోనే తిన్నాడు, ఆవిడ కొడుకు జెర్మేన్ పక్కన.

జెర్మేన్ కూరగాయల మార్కెట్లో పెట్టెలు మోసేవాడు. ఇరవై మూడేళ్లొచ్చినా చదవడం రాదు. బడిలో వెనక బెంచీలో పడేశారు, వాడు అక్కడే ఉండిపోయాడు. ఏ కాగితం చేతికిచ్చినా, ‘కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయా’ అనేవాడు. వాడికసలు కళ్లద్దాలే లేవు. హోటల్లో మెనూ కీరనే చదివి చెప్పేవాడు, అదీ తనకే ఏదో తేల్చుకోలేక బయటికి చదువుతున్నట్టు. ఎవాడ్నీకి కొడుకు సంగతి తెలుసు. కానీ ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు.

కీరన్ నన్ను వంటగది బల్ల మీద పెట్టి, లోపలి కవరు బయటికి తీశాడు.

“ఆంటీ, ఇటు చూడు. రెండో వైపు మూడో పాట. మాటలు ఎవరివో చదువు.”

ఆవిడ చేతులు తుడుచుకుని కళ్లద్దాలు పెట్టుకుంది. “మాటలు... జె. ఫ్రాన్సిస్.” కవరు దగ్గరికి లాక్కుంది. “మన జెర్మేనా?”

“మరింకెవరు? తలలోనే కట్టాడు ఆంటీ, నాలాగే. కాగితంతో పనేముంది?”

ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయింది. బడి నుంచి వచ్చిన ఫిర్యాదు ఉత్తరాల్లో తప్ప కొడుకు పేరు అచ్చులో ఆవిడెప్పుడూ చూడలేదు. ఎవరి వంకా చూడకుండా లోపలికెళ్లింది, ముక్కు చీదుకోవడానికి. అప్పుడు బల్ల దగ్గరే కూర్చున్న జెర్మేన్ గొంతు తగ్గించి అడిగాడు.

“నేనెప్పుడు కట్టాన్రా?”

“కట్టలేదులే. నోర్మూసుకో. మీ అమ్మ మొహం చూశావా?”

“అది కాదురా, అడిగితే నేనేం చెప్పాలి?”

“ఎవడడుగుతాడ్రా నిన్ను?”

చూశారా, అంత మంచిపని. ఆ రోజు నాకు కూడా ముద్దొచ్చింది. మనుషులు ఒకళ్లకొకళ్లు బట్టలిస్తారు, వాచీలిస్తారు. వీడు స్నేహితుడికి ఒక పాట ఇచ్చాడు. ఏ పాట ఇవ్వాలో మాత్రం ఆలోచించలేదు.

ఎందుకంటే ఆ మూడో పాట ఒక హత్య గురించి. ఎప్పుడో, వేరే పేటలో జరిగిన సంగతి సెలూన్లో ఒక ముసలాయన చెబితే కీరన్ కట్టాడు. ‘మెట్ల మీద వాన చప్పుడు, జేబులో చల్లని ఇనుము. వాడు నా పేరు పిలిచాడు, నేను వాడి పేరు చెరిపాను.’ పత్రికల వాళ్లు ఆ పాటనే ఎత్తి పట్టుకున్నారు. ఇంత నిజాయితీ గల పాట ఈ ఏడు రాలేదని రాశారు.

నేను పుట్టడానికి ఏడు నెలల ముందు, ఆ పక్క వీధి మేడలో షేన్ అనే పద్దెనిమిదేళ్ల పిల్లవాడిని మెట్ల మీద ఎవరో పొడిచి చంపారు. ఆ రోజు వాన. షేన్‌కు ఒక తల్లి ఉంది, ఇద్దరు చెల్లెళ్లున్నారు. జెర్మేన్‌కూ షేన్‌కూ అంతకుముందు వారమే ఫుట్‌బాల్ దగ్గర కొట్లాట జరిగిందని, జెర్మేన్ లాంటి కోటు వేసుకున్నవాడు పరిగెత్తడం చూశామని ఒకరిద్దరు చెప్పారు. అంతకుమించి పోలీసులకు ఏమీ దొరకలేదు. ఆ సాయంత్రం జెర్మేన్ ఎక్కడున్నాడో నాకు తెలియదు, నేనప్పటికి పుట్టలేదు. ఇంట్లో పడుకున్నానని వాడన్నాడు. నాకు తెలిసింది ఒక్కటే, ఆ పాటలో ఒక్క ముక్క కూడా వాడిది కాదు.

ఎవాడ్నీ నన్ను ముందుగదిలో అద్దాల బీరువాలో నిలబెట్టింది, లోపలి కవరు బయటికి తీసి, మాటలున్న వైపు కనబడేలా. చర్చి నుంచి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ ఒక్క లైను చూపించేది. నన్ను ఒక్కసారి కూడా వినలేదు, ఆ లైను తప్ప పాట చదవనూ లేదు. అలాంటి సంగీతం దేవుడికి ఇష్టముండదని ఆవిడ నమ్మకం. నాకు ఆ సంగతి చాలా తమాషాగా ఉండేది. తనను పూజలో పెట్టుకున్నవాళ్లు తన మాట వినకపోవడం దేవుళ్లకే కాదు, రికార్డులకూ ఉందన్నమాట.

ఒక శనివారం పొద్దున ఆవిడ చర్చి బట్టలు ఇస్త్రీ చేసుకుంటుండగా పోలీసులు వచ్చారు. ఇద్దరు. జెర్మేన్ కోటు కోసం వచ్చామన్నారు. మర్యాదస్తులు, బూట్లు గడప దగ్గర తుడుచుకున్నారు. వాళ్లలో చిన్నవాడి కన్ను బీరువా మీద పడింది. ఆ ఆల్బమ్ వాడింట్లో కూడా ఉందేమో, వెంటనే గుర్తుపట్టాడు.

“ఈ పాట మీ అబ్బాయి రాశాడా అమ్మా?”

అప్పుడు ఆవిడ ఏం చెప్పి ఉండాలో మీకూ నాకూ తెలుసు. ఆవిడకు తెలియదు. ముప్ఫై ఏళ్లలో యూనిఫారం వేసుకున్న మనిషి తన కొడుకు గురించి మర్యాదగా అడిగిన మొదటి ప్రశ్న అది.

“అవును సర్. ఇదిగో, అచ్చులో పేరుంది చూడండి. కాగితం కూడా అక్కర్లేదు వాడికి, మొత్తం తలలోనే కడతాడు.”

“అంటే సొంతంగానే? ఎవరూ సాయం చేయకుండా?”

“ఎవరు చేస్తారు సర్? నా కొడుకు తెలివి మీకు తెలియదు.”

వాళ్లకు కేకు కోసి పెట్టింది. వాళ్లు తిన్నారు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నారు. నన్ను తీసి ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు చేశారు. సంచికి కట్టిన చీటీ మీద ఆ చిన్న పోలీసు పేరులోని పొడి అక్షరాలు, వాటి పక్కన ఏడు అంకె, కోర్టులో సాక్ష్యానికి గుర్తుగా. అప్పటి నుంచి నా పేరు అదే. మధ్యాహ్నానికి జెర్మేన్‌ను మార్కెట్లోంచి తీసుకెళ్లారు.

కోర్టు గురించి చెబుతాను. నన్ను సంచిలోంచి తీయలేదు. బల్ల మీద పెట్టి అందరికీ చూపించారు, అంతే. పాట వినిపించడానికి నా బుల్లి తమ్ముడు సీడీని తెచ్చారు. దోషా కాదా తేల్చే జ్యూరీలో పన్నెండు మందికీ పాట టైపు చేసిన కాగితాలు పంచారు. ముందు ఒక పోలీసు అధికారి లేచి, గొంతులో ఏ ఎత్తూ పల్లమూ లేకుండా, టెలిఫోన్ బిల్లు చదివినట్టు నా పాట చదివాడు. బీటు లేదు, ఊపు లేదు. కీరన్ నవ్వుతూ సాగదీసిన మాటలు కూడా ఆయన నోట నేరం ఒప్పుకున్నట్టే ఉన్నాయి. నా బతుకులో నాకంత సిగ్గెప్పుడూ వేయలేదు.

తర్వాత ఎవాడ్నీని పిలిచారు, పోలీసుల తరఫు సాక్షిగా. టోపీ పెట్టుకుని, చేతి సంచీ పొట్టకు అదుముకుని నిలబడింది. అప్పుడు సీడీ పెట్టారు. ఆ పాట ఆవిడ వినడం అదే మొదలు. వాన చప్పుడు దగ్గర తల ఎత్తింది. పేరు చెరిపాను అన్న దగ్గర బోనులో ఉన్న కొడుకు వంక చూసింది. ఎదురుగా షేన్ తల్లి కూర్చుని ఉంది, కళ్లు మూసుకుని. పాట అయ్యేదాకా ఆ ఇద్దరు ఆడవాళ్లూ కదల్లేదు.

జెర్మేన్ తరఫు లాయరు లేచింది. ఆవిడ అడగబోయేదేమిటో జెర్మేన్‌కు ముందే తెలుసు. బోనులోంచి తల్లికి వద్దు వద్దని తల ఊపుతున్నాడు.

“మిసెస్ ఫ్రాన్సిస్, మీ అబ్బాయికి చదవడం, రాయడం వచ్చా?”

ఎవాడ్నీ చేతి సంచీ తెరిచి మూసింది. జడ్జి అదే ప్రశ్న రెండోసారి అడిగాడు.

“రాదు సర్,” అంది. “వాడి పేరు వాడు గుర్తుపట్టలేడు. నా కొడుకు పాట రాయలేడు. వాడికంత తెలివి లేదు.”

ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట, నిండు కోర్టులో, చర్చి వాళ్ల ముందు, మార్కెట్ వాళ్ల ముందు అనేసింది. జెర్మేన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. హత్య చేశావన్నప్పుడు కూడా వాడలా చేయలేదు. ఆవిడ మాత్రం లాయరు వంకే చూస్తోంది, ఇప్పుడైనా వదిలేస్తారా అన్నట్టు.

పోలీసుల తరఫు లాయరు, తెల్ల విగ్గు పెట్టుకున్న పెద్దమనిషి, నెమ్మదిగా లేచాడు. ఆవిడ సంతకం పెట్టిన కాగితం తీసి చదివాడు. “కాగితం కూడా అక్కర్లేదు వాడికి, మొత్తం తలలోనే కడతాడు. ఇది మీరన్న మాటే కదమ్మా?”

“అన్నాను సర్. కానీ...”

“అంతే. చాలు.”

ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. దిగమన్నారు. కొడుకు పరువు పోయింది, కొడుకూ దక్కలేదు. ఆవిడ మెట్లు దిగుతుంటే నా కవరు మీది ఆ ఒక్క లైను నాకు మోయలేనంత బరువైంది.

మిగిలింది కీరన్. కంపెనీ వాళ్లు వెళ్లొద్దన్నారు, ఈ కేసుతో నీకేం సంబంధం లేనట్టు ఉండమన్నారు. జర్మనీలో కచేరీలు మానుకుని వచ్చాడు. ఆ విషయంలో వాణ్ని ఏమీ అనలేను. పాట తనదేనని, పేరు స్నేహితుడికి ఇచ్చానని ఉన్నదున్నట్టు చెప్పాడు.

“మీరు రాసినట్టు చిత్తు ప్రతి ఏదైనా ఉందా?” అని అడిగాడు విగ్గు పెద్దమనిషి.

“లేదు. నేను కాగితం మీద రాయను.”

“అవును, మొదటి పాటలో విన్నాం. అయితే ఈ కవరు మీద ఉన్నది అబద్ధమా?”

“అబద్ధం కాదు. బహుమతి.”

“కానీ నిజం కాదు.”

కీరన్ తల వంచుకున్నాడు. “నిజం కాదు.”

“అంటే ఈ కుటుంబం సంతోషం కోసం మీరు అబద్ధం అచ్చు వేయించగలరన్నమాట. మిస్టర్ బాస్కోంబ్, ఇవాళ కూడా ఆ పని మీదే వచ్చారా?”

కీరన్ నోరు తెరిచాడు. వేలమంది ముందు నిలబడి, అడిగినవాడికి అడిగినట్టు అప్పటికప్పుడు జవాబు కట్టి కొట్టే నోరది. ఆ రోజు దాంట్లోంచి ‘కాదు సర్’ అన్న గొణుగుడే వచ్చింది.

జ్యూరీ రెండు రోజులు కూర్చుంది. దోషి అన్నారు. జీవిత ఖైదు, కనీసం పంతొమ్మిదేళ్లు లోపలే ఉండాలన్నారు. షేన్ తల్లి ఏడ్చింది. ఎవాడ్నీ ఏడవలేదు, టోపీ సర్దుకుని బస్సెక్కడ ఆగుతుందని ఎవరినో అడిగింది.

ఆ తర్వాత నా గిరాకీ పెరిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఉన్నమాట కాబట్టి. కోర్టుకెక్కిన పాట అని జనం ఎగబడి కొన్నారు. పెద్ద దుకాణాల కిటికీల్లో నా తోటివాళ్లను వరసగా పేర్చారు. నేను మాత్రం ఒక గోదాములో, ఇనుప అరలో, ఒక గొడ్డలికీ ఒక పిల్లాడి సైకిలుకూ మధ్య ఆరేళ్లున్నాను. సంచిలో చీకటికి అలవాటు పడ్డాను. మనుషులు నన్ను వినడానికి చేశారో, దాచడానికి చేశారో నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

అప్పీలు కొట్టేశాక నన్ను తిరిగి ఇచ్చేశారు. ఎవాడ్నీ వచ్చి సంతకం పెట్టి తీసుకుంది. అంతకుముందు ఏ కాగితం మీదా ఆవిడ అంతసేపు చదివి సంతకం పెట్టి ఉండదు. ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టలేదు, తన మంచం కింద పెట్టింది. ముసలిదైపోయింది. మెట్లెక్కితే ఆయాసం.

కీరన్ నెలకోసారి వచ్చేవాడు. మూడో ఆల్బమ్ చేయలేదు. మందుల షాపు వ్యాను నడుపుతున్నాడని విన్నాను. ఆవిడ వాడిని ఒక్క మాట అనలేదు. గుమ్మంలోకి రాగానే ముందుగది తలుపు తీసేది, ప్లాస్టిక్ సోఫా మీద కూర్చోబెట్టేది, బీరువాలోంచి మంచి కప్పు తీసి టీ ఇచ్చేది. “ఆంటీ, వంటగదిలో కూర్చుంటా,” అని ఒకరోజు అడిగాడు.

“ఎందుకు బాబూ, అక్కడంతా చిందరవందరగా ఉంది,” అంది ఆవిడ.

పక్కగదిలో మంచం కింద నాకు వినబడింది. వాడు టీ తాగలేదు. ఆ తర్వాతి నెల కూడా వచ్చాడు, అదే సోఫా, అదే కప్పు.

శిక్ష పడిన తొమ్మిదో ఏట జైల్లోంచి ఫోనొచ్చింది. అక్కడ ఒక ముసలి ఖైదీ, కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చదువు నేర్పుతున్నాడట. రోజుకు ఇరవై నిమిషాలు. జెర్మేన్ కూడా చేరాడు. పాట కాగితం పంపించమన్నాడు, అదే, రెండో వైపు మూడోది. ఎవాడ్నీ మొదట వినబడనట్టు నటించింది. తర్వాత మంచం కిందికి వంగి, నడుం పట్టుకుని నన్ను లాగింది. కవరులోంచి నన్ను తీసి దుప్పటి మీద పెట్టి, లోపలి కవరు మాత్రం గ్రంథాలయానికి తీసుకెళ్లి జిరాక్స్ తీయించి పోస్టు చేసింది.

అయిదు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది. పెన్సిలుతో, అక్షరాలు ఒక్కొక్కటీ పెద్దవిగా, గీతలు దాటుతూ. ఎవాడ్నీ మంచం మీద కూర్చుని విప్పింది. ఒకసారి లోలోపల చదువుకుంది. రెండోసారి బయటికి చదివింది.

“అమ్మా, పాట అంతా చదివాను. నాలుగు రోజులు పట్టింది. ఎవరూ సాయం చేయలేదు. కీరన్ చాలా బాగా కట్టాడు. ఆ మెట్లు, ఆ వాన, అంతా కళ్లకు కట్టినట్టుంది. నేను ఆ జ్యూరీలో కూర్చుని ఉంటే నేనూ నమ్మేవాణ్ని. వాడిని వంటగదిలో కూర్చోబెట్టు. ఇట్లు, జెర్మేన్ ఫ్రాన్సిస్.”

ఆవిడ ఉత్తరం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. తొమ్మిదేళ్ల ఏడుపు అప్పుడు ఏడ్చింది, నోటికి రుమాలేమీ అడ్డం పెట్టుకోకుండా, గట్టిగా. పై అంతస్తు వాళ్లు నేల మీద తట్టారు. ఆ నెల కీరన్ రావడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి.